సోమమ్మ ఎత్తు

పొద్దున్నే పాలు పిండే వేళకు సైదులు తన భార్య చీర చుట్టుకుంటాడు. ఇందులో నవ్వడానికేమీ లేదు, బర్రె ఉన్నవాళ్లెవరూ నవ్వరు. పిండే చెయ్యి మారితే బర్రె చేపదు. పొదుగు నిండా పాలు పెట్టుకుని రాయిలా నిలబడుతుంది. అలవాటైన చెయ్యి ఇక రాదని దానికి ఎవరు చెబుతారు, ఏ భాషలో చెబుతారు? అందుకని సోమమ్మ పాత ఎర్రచీర ఒకటి కొట్టంలో మేకుకు వేలాడుతూ ఉంటుంది. దాన్ని ఉతకకూడదు. ఉతికితే వాసన పోతుంది. సైదులు దాన్ని లుంగీ మీదినుంచే చుట్టి, కొంగు నెత్తిన వేసుకుని, మోకాళ్ల మధ్య గిన్నె ఇరికించుకుని కూర్చుంటాడు. బర్రె ఒకసారి మూతి తిప్పి వాసన చూస్తుంది, నమ్ముతుంది, చేపుతుంది.

షరతు ఒక్కటే, నోరు విప్పకూడదు. గొంతు వినబడిందా, దొంగతనం బయటపడ్డట్టే. పాలు వెనక్కి పోతాయి.

ఈ సంగతి బాగా తెలుసు కనకనే పక్క చేను ఐలేశం సరిగ్గా ఆ వేళకు వచ్చేవాడు. వరసకు బావమరిది, సోమమ్మకు దూరపు తమ్ముడు. తడక బయట నిలబడి వేపపుల్ల నములుతూ, "ఏం అక్కా, బావ లేసిండా లేదా? మొద్దు నిద్రపోతుండా ఇంక?" అనేవాడు. సైదులు ఒక్క మాట తిట్టలేడు. కళ్లెర్రజేసి చూసేవాడంతే. ఐలేశం నవ్వుకుంటూ పోయేవాడు. అతను పోయాక, మళ్లీ మర్నాటి పొద్దుటిదాకా ఆ ఇంట్లో మనిషి మాట వినబడేది కాదు. అందుకే ఆ ఎగతాళి కోసం కూడా సైదులు ఎదురుచూసేవాడు, పైకి ఒప్పుకోడు గానీ.

వాళ్లది ఊరికి మైలు దూరంలో, పొలంలో బాయికాడి ఇల్లు. పిల్లలు పుట్టలేదు. దానికి ఒకరినొకరు తప్పుపట్టుకోలేదు, ముప్పై ఏళ్లలో ఆ మాట ఎత్తడమే మానేశారు. పుష్యమాసంలో ఒక మధ్యాహ్నం కందులు చెరుగుతూ చెరుగుతూ సోమమ్మ చాట పక్కన పెట్టి గుండె పట్టుకుంది. నల్లగొండ దవాఖానకు ఆటోలో తీసుకుపోతుంటే పానగల్ దాటకముందే పోయింది. ఇరవై నిమిషాల పని. సైదులుకు ఏడవడానికి కూడా వ్యవధి దొరకలేదు. పెద్దకర్మ అయ్యాక చుట్టాలు ఎవరి దారిన వాళ్లు పోయారు, ఇతనూ బర్రే మిగిలారు.

ఆ బర్రె సోమమ్మ పెంపకం. తల్లి చనిపోతే దూడను సీసాతో పాలు పట్టి బతికించింది. నుదుట తెల్లచుక్క ఉందని సుక్క అని పేరు పెట్టింది. సాయంత్రం పాలయ్యాక కొట్టంలో నడిమి గుంజ దగ్గర నిలబడి దానితో ముచ్చట పెట్టేది. లోపల టీవీ ముందు కూర్చున్న సైదులు, "ఎవరితోనే అంత ముచ్చట?" అని కేకేసేవాడు. "మాట్లాడేటోళ్లతోని" అని జవాబు వచ్చేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడు ఆ జవాబు గుర్తొస్తే నవ్వు రావడం లేదు.

ఎండాకాలం ముదిరింది. బోరులో నీళ్లు సన్నగిల్లి ఆ యాసంగి వరి వేయలేదు, వరి లేకపోతే గడ్డి ఎక్కడిది? పాత గడ్డివాము రోజురోజుకీ కిందికి కుంగి, చివరికి నేలంతా దుమ్మూ పీచూ మిగిలింది. సుక్క పక్కటెముకలు లెక్కపెట్టడానికి వచ్చాయి. పలుపుతాడు నమలడం మొదలుపెట్టింది.

"అంగడికి కొట్టుకపోదాం బావా" అన్నాడు ఐలేశం ఒకనాడు, ఎగతాళి మాని. "ఆదివారం పోదాం. బొక్కలు తేలినంక ఎవడు కొంటడు?"

"జొన్న ఏసిన గద. అందుకుంటది" అన్నాడు సైదులు.

"అందుకునేదాక ఇది ఉండాలె గద."

సుక్క పోతే ఆ ఇంట్లో సోమమ్మ వాసన గుర్తుపట్టే ప్రాణి ఇంకొకటి ఉండదు. ఈ మాట ఐలేశంతో అనలేడు, మగవాళ్లు ఇలాంటివి చెప్పుకోరు. వానలు పడేదాకా దాన్ని నిలబెట్టుకోవాలి. ఆయనకు ఆ ఎండాకాలం ఉన్న పని అదొక్కటే, ఆశ అదొక్కటే.

జొన్న ఇంటి వెనక అరెకరంలో ఉంది. పశువుల దవాఖానలో ఇచ్చిన పచ్చిమేత విత్తనం, శివరాత్రి పోయాక చల్లాడు. ఏటా చల్లేదే. చల్లడం, నీళ్లు కట్టడం సైదులు పని. ఎప్పుడు కోయాలన్నది మాత్రం సోమమ్మ చెప్పాలి. దానికి ఆమె పద్ధతి ఒకటుండేది. నెలా నెలన్నర దాటాక రోజూ పొద్దున్నే చేను నడుమకు పోయి నిలబడి, ఒడ్డు మీదున్న భర్తను అడిగేది.

"కనవడుతున్ననా?"

"కనవడుతున్నవ్" అనేవాడు సైదులు.

సరేనని బయటికి వచ్చేసేది. మర్నాడు మళ్లీ అదే. ఆమె నెత్తి మీది కొంగు కూడా ఆకుల్లో మునిగిపోయిన రోజున ఈయన "కనవడుతలేవ్" అనేవాడు. "అయితే కొయ్యి" అని లోపలినుంచి గొంతు వచ్చేది. అప్పటికి కంకులు తొంగిచూస్తూ ఉండేవి. ఆ రోజు వరకూ ఒక్క ఆకు గొడ్డు నోట పెట్టనిచ్చేది కాదు.

సైదులుకు ఇదొక ఆటగా ఉండేది. ఏడో తరగతి దాకా చదివినవాడు, గోడకు క్యాలెండరు ఉన్నవాడు, ఆడమనిషి నెత్తితో పంట కొలుస్తాడా? "యాభై దినాలైతే కోసుడే. నీ ఎత్తుకు జొన్నకు ఏం సంబంధమే?" అని ఎన్నిసార్లు అన్నాడో. "మా అవ్వ గిట్లనే చేసేది. నీ క్యాలెండరు నీళ్లు తాగదు, జొన్న తాగుతది" అనేది ఆమె. వాదించలేక ఊరుకునేవాడు. ఊరుకున్నాడే గానీ ఆ మాటలో ఏముందో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఇంట్లోవాళ్ల తెలివిని మనం ఇంటి చీపురులాగే చూస్తాం, అవసరం పడ్డప్పుడే వెతుక్కుంటాం.

ఈ ఏడు అడిగేవాళ్లు లేరు. సైదులు చల్లిన రోజు క్యాలెండరు మీద సున్నా చుట్టి, రోజుకొక గీత గీస్తూ వచ్చాడు. ఇరవై ఎనిమిదో గీత దగ్గర బోరు మోటరు కాలిపోయింది. మోటరు పైకి తీసి, బాగు చేయించి మళ్లీ దింపేసరికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ జొన్న ఎండకు మాడింది. ఆకులు గొట్టాల్లా చుట్టుకున్నాయి. పెరగడం ఆగిపోయింది. మోటరు వచ్చాక ఒక తడి పెడితే కొంచెం తేరుకుని పచ్చబడింది, అయినా నడుము దాటలేదు. గీతలు మాత్రం ఆగలేదు. క్యాలెండరు నిజంగానే నీళ్లు తాగదు.

యాభయ్యో గీత శుక్రవారం నాడు పడింది. ఆదివారం అంగడి. సైదులు కొడవలి తీసుకున్నాడు.

మోపుడు కోసి కొట్టం ముందు దింపాడు. ఆ పచ్చి వాసనకు సుక్క పలుపు తెంచుకునేలా గుంజింది. మోపంతా ముందు పడేస్తే అయిపోయేది, సోమమ్మ అలాగే పడేసేది. సైదులు అలా చేయలేదు. చీర కట్టుకోలేదు. తన చొక్కాతో, తన మొహంతో దాని ముందు కూర్చుని, ఒక్కొక్క జొన్న కట్టె తీసి చేత్తో అందించడం మొదలుపెట్టాడు. ఆకలి మీదున్న గొడ్డు చేతిని చూడదు, మేతను చూస్తుంది. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. అది తన చేతినుంచి తింటూ ఒక్కసారి తన మొహం చూస్తే చాలనిపించింది.

ఒకటి అయ్యాక ఇంకొకటి. నాలుగు నెలల తర్వాత దాని దగ్గర మొదటిసారి నోరు విప్పాడు.

"నేనే. సైదులును. రోజు చీర కట్టుకొని కూసునేది నేనే" అన్నాడు. సుక్క నములుతూనే ఉంది. "మీ అమ్మ లేదు బిడ్డా. నీకు తెల్వదని చెప్పుతున్న."

అలా పదిహేనో ఇరవయ్యో కట్టెలు అయ్యాయి. మాటలు కూడా వస్తున్నాయి, తడబడకుండా. సోమమ్మ పోయిన రోజు సంగతి చెబుతున్నాడు, ఆటోలో తన చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో చెబుతున్నాడు. అంతలో సుక్క నమలడం ఆపింది. వణికింది. ఒక అడుగు వెనక్కి వేసింది. తన గొంతు విని బెదిరిందనుకున్నాడు సైదులు. మాట అక్కడే ఆపేశాడు. మాట ఆపినా వణుకు ఆగలేదు. మూతినుంచి నురగ దిగింది. మెడ చాపి, నోరు తెరిచి గాలికోసం కొట్టుకుంటూ ముందు మోకాళ్ల మీద కూలబడింది.

ఆయన పెట్టిన కేకకు ఐలేశం చేలోంచి పరిగెత్తుకు వచ్చాడు. బర్రెను చూశాడు, మోపును చూశాడు, తన్ని దూరంగా పడేశాడు.

"నాము" అన్నాడు. "నాము తాకింది బావా. గీ లేత జొన్న ఎట్ల ఏసినవ్? నీకు తెల్వదా?"

నాము అంటే లేత జొన్నలో, ఎండకు మాడిన జొన్నలో పుట్టే విషం. పశువుల్ని కాసేవాడికెవడికైనా తెలుసు. సైదులుకూ తెలుసు, విన్న మాటగా. యాభై రోజుల పైరు లేతది ఎందుకవుతుందని అనుకున్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అంగడినుంచి తప్పిద్దామని పెట్టిన మేత ప్రాణం మీదికి తెచ్చింది.

పశువుల డాక్టరు పరమేష్ ఆ రోజు పక్క ఊళ్లోనే గాలికుంటు టీకాలు వేస్తున్నాడు. అది అదృష్టమే. ఐలేశం ఫోన్ చేస్తే పావుగంటలో బండి మీద వచ్చాడు. అంతవరకూ సైదులు దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సూది మెడ నరానికి పోయింది, ఇంకొకటి పోయింది. సుక్క కడుపు ఎగసెగసి పడుతోంది. సైదులు లేచి మేకుకున్న చీర తెచ్చి దాని మూతి దగ్గర పెట్టాడు. ఎందుకు పెట్టాడో డాక్టరు అడగలేదు, ఐలేశం నవ్వలేదు. పొద్దు వాలే వేళకు ఊపిరి నెమ్మదించింది. చెవి ఒకటి కదిపింది. మరికాసేపటికి తల లేపింది.

పరమేష్ చేతులు కడుక్కుంటూ అడిగాడు. "ఎంత మేసింది మామా?"

"పదిహేనిరవై కట్టెలు."

"గంత మోపు కోసి ఇరవై కట్టెలేంది?"

"చేత్తోని వెట్టిన. ఒక్కొక్కటి."

"గదే బతికించింది దాన్ని. మోపంత ముందటేస్తే నేనొచ్చేసరికి ఏముండకపోవు." పరమేష్ చేను దిక్కు చూశాడు. "దినాలు లెక్క కాదు మామా. నీళ్లు తాగక మాడింది గద, గసోంటి దాంట్లనే విషముంటది. మంచిగ తడులు వెట్టు, ఎదగనియ్యి. కంకులెల్లినంకనే కొయ్యి. ఇంట్ల పెద్దోళ్లకెవ్వరికి తెల్వదా గీ సంగతి?"

"తెల్సు" అన్నాడు సైదులు. "తెల్సినామె పోయింది."

ఆదివారం అంగడికి ఎవరూ పోలేదు. హుజూర్‌నగర్ దిక్కునుంచి ఐలేశం తెప్పించుకున్న గడ్డికట్టల ట్రాలీ వస్తే, సగం కట్టలు ఈ ఇంటి ముందే దింపించాడు. "జొన్న అందుకునేదాక ఇది ఏయి" అన్నాడు. ఎగతాళి చేయడానికి ఏమీ దొరకలేదేమో, ట్రాలీ వెంట పోయాడు.

కంకి చూసి కోయొచ్చు, ఎత్తు కొలవాల్సిన పని లేదు. డాక్టరు చెప్పింది సైదులుకు బాగానే అర్థమైంది. అయినా మనసు ఊరుకోలేదు. ఇన్నేళ్లూ ఆమె చేనులో నిలబడి అడిగిన మాట ఆట కాదని తెలిశాక, ఆ కొలత తనకు కావాలనిపించింది. ఈ ఏడు కూడా సోమమ్మ చెప్పాకే కోయాలి. ఆమె ఎంత ఎత్తు ఉండేది?

అక్కడ సైదులు ఆగిపోయాడు. తెలియదు.

ముప్పై ఏళ్లు ఒక ఇంట్లో ఉన్నారు. ఆమె తన భుజం దాకా వచ్చేదా, చెవి దాకా వచ్చేదా? పక్కపక్కన నడిచింది ఎప్పుడని? ఆయన ముందు, ఆమె పది అడుగుల వెనక, నెత్తిన మోపుతోనో గంపతోనో. గోడ మీది ఫొటో ముందు నిలబడ్డాడు. కార్డు కోసం దిగిన ఫొటోను పెద్దది చేయించింది, మెడ దాకానే ఉంది. ఐలేశాన్ని అడిగాడు.

"మా అక్కనా?" ఐలేశం తన భుజం మీద చెయ్యి పెట్టుకున్నాడు. తీసి, మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "గింత... కాదు, గింత. ఏందో బావా, మనిషి కండ్ల ముందట్నే ఉంది, ఎత్తు దొరుకుతలేదు" అన్నాడు.

సైదులుకు సిగ్గేసింది. తాళి కట్టినవాడికే దొరకనిది తమ్ముడికేం దొరుకుతుంది? నాలుగు రోజులు అన్నం సహించలేదు. ఆమె పోయిన రోజుకంటే ఎక్కువగా పోయినట్టనిపించింది.

ఐదో రోజు పొద్దున పాలకు కూర్చుంటే సుక్క ఆలస్యం చేసింది. నీరసంగా ఉంది పాపం. మోకాళ్లు నొప్పిపుట్టి సైదులు లేచి, చీరతోనే నడిమి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. మెడ కింద కట్టె నున్నగా తగిలింది. తిరిగి చూశాడు. అరచేయంత జాగా నల్లగా, జిడ్డుగా మెరుస్తోంది. రోజూ చూసేదే, బర్రె ఒరుసుకున్న మరక అనుకునేవాడు. కానీ సుక్కను కట్టేది అవతలి గుంజకు. దాని మెడ ఇంత పైకి రాదు. మొహం దగ్గర పెట్టాడు. కొబ్బరినూనె వాసన, పాతబడి ఉన్నా ఉంది. కట్టె పగుల్లో పొడుగాటి వెంట్రుక ఒకటి ఇరుక్కుని ఉంది, సగం నలుపు, సగం తెలుపు.

రోజూ సాయంత్రం తల ఆనించి నిలబడి బర్రెతో ముచ్చట పెట్టిన చోటు అది. ఎన్ని సాయంత్రాలు ఆనితే కట్టె ఇంత నునుపు తేలాలి? ఒక్క సాయంత్రమైనా తను టీవీ ముందునుంచి లేచి వచ్చి పక్కన నిలబడి ఉంటే, ఈ మరకను చూసి తెలుసుకోవాల్సిన గతి పట్టేది కాదు. సైదులు అప్పుడు ఏడ్చాడు. చప్పుడు కాకుండా ఏడ్చాడు, సుక్క చేపడం మొదలుపెట్టింది మరి.

పాలయ్యాక నేలనుంచి మరక పైఅంచు దాకా తాడుతో కొలిచాడు. ఆ కొలతకు వెదురుకట్టె నరికాడు, భూమిలో దిగడానికి మూరెడు ఎక్కువ ఉంచి. ఎర్రచీర కొంగు అంచు జానెడు చించి పైన కట్టాడు. చేను నడుమ, ఆమె నిలబడే చోట పాతాడు. ఒడ్డు మీదికి వచ్చి చూస్తే కట్టె సగానికి పైగా బయటే ఉంది, ఎర్రగుడ్డ గాలికి ఊగుతోంది.

"కనవడుతున్నవ్" అన్నాడు.

అది మొదలు రోజూ పొద్దున ఒడ్డు మీదికి రావడం, ఆ మాట అనడం. నాలుగు రోజులకొక తడి పెట్టాడు. జొన్న తేరుకుంది. చుట్టుకున్న ఆకులు విప్పారాయి, జొన్న కట్టెలు లావెక్కాయి. నడుము దాటింది, రొమ్ము దాటింది. క్యాలెండరు మీద గీతలు ఆపేశాడు. ఒక్కోసారి ఎర్రగుడ్డతో నాలుగు మాటలు అదనంగా కూడా మాట్లాడేవాడు, గడ్డికట్టలు ఎన్ని మిగిలాయో, ఐలేశం ఏమన్నాడో. జొన్న పెరగాలని ఉండేది, సుక్క కోసం. పెరగొద్దని కూడా ఉండేది. పెరిగితే ఆ గుడ్డ కనబడదు. ఈ రెండో కోరిక తనకు తానే చెప్పుకోలేదు.

వైశాఖం చివర ఒక పొద్దున ఒడ్డు మీదికి వచ్చి చూశాడు. చేనంతా ఒకటే పచ్చన. ఆకుల పైన లేత కంకులు. ఎర్రటిది ఎక్కడా లేదు.

రాత్రి గాలికి కట్టె పడిపోయిందేమోనని ఆకులు తప్పించుకుంటూ లోపలికి పోయాడు. పడిపోలేదు. నిటారుగా ఉంది. పక్కకు పోయి నిలబడితే గుడ్డ తన గడ్డానికి తగిలింది.

గడ్డం దాకా వచ్చేది సోమమ్మ. ఒక్కసారి దగ్గరికి తీసుకుని ఉంటే ఆమె నెత్తి సరిగ్గా తన గడ్డం కింద ఆనేది. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఈ సంగతి జొన్నచేనులో నిలబడితే తెలిసింది. ఆయన చాలాసేపు అలాగే, గడ్డం ఆనించి నిలబడ్డాడు. ఆకుల మీది తడి అంటి చొక్కా తడిసిపోయింది.

తర్వాత బయటికి వచ్చాడు. ఆ మాట ఒడ్డు మీదినుంచే అనాలి, అక్కడినుంచి అన్నదే లెక్క.

"కనవడుతలేవ్, సోమమ్మా" అన్నాడు గట్టిగా.

రావాల్సిన జవాబు కోసం ఆగాడు. రాదని తెలిసే ఆగాడు. చేను కదలలేదు. అవతల కాలువలో బోరు నీళ్లు పారుతున్నాయి.

కొట్టంలోంచి సుక్క అరిచింది. అది ఆకలి అరుపే, ఇంకేమీ కాదు. కానీ అంతవరకూ ఈ మనిషి గొంతు వింటే అది ఎప్పుడూ అరవలేదు.

"వస్తున్న బిడ్డా, కోస్తున్న" అన్నాడు సైదులు. కొడవలి తీసుకుని చేను అంచున కోతకు కూర్చున్నాడు.